శ్రీశైలం వెనుక జలాల్లో పడవ ప్రయాణం: నీటిమట్టం ఎంతుంటే ఏ దారి?

తుంగ_ఒడ్డు
పోయిన ఆదివారం సోమశిల రేవులో మరబోటు ఎక్కి ఏటా నీళ్లల్లో మునిగి తేలే సంగమేశ్వరం గుడి దిక్కుకు పోయినాం. మా ఇంటివాళ్లం, ఇంకో రెండు కుటుంబాలు. సగం దూరం పోయినాక అడుగున ఏదో గట్టిగా తగిలి పడవ ఒక పక్కకు ఒరిగింది, ఇంజను ఆగిపోయింది. నడిపే మనిషి గడ దింపి చూసి "పాత ఊరి గోడలే, భయపడొద్దు" అన్నాడు. గడతో తోసుకుంటా చానాసేపటికి లోతుకు తెచ్చినాడు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, కానీ మూటగట్టి ముందర పడేసినారు. పిల్లలకు కూడా తొడగలేదు. అడిగితే "ఎండకు ఉక్కపోస్తాది, ఎందుకులే" అన్నారు.

ఆ పొద్దు డ్యాం దగ్గర నీటిమట్టం 847 అడుగులని పేపర్లో ఉండాది. ఈ అంకె రోజూ వేస్తారు కదా. దాన్ని చూసి పడవ ఎక్కొచ్చా లేదా, యా దారిలో పోతే నేల తగలదు అని మామూలు మనిషి తెలుసుకునే వీలుందా? ఉగాది అయినాక అమ్మానాయనను సంగమేశ్వరం తీసుకుపోవాల. నాయనకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు నీళ్లంటే భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు_చేపలపులుసు
సోమశిల అని చూసి మా పెన్నా డ్యాం సంగతేమో అనుకుని వచ్చా. ఇది కృష్ణ మీద సోమశిలా! సరే, వచ్చినందుకు చదువుతా.

కొల్లాపూర్_పోరడు
అన్నా, రెండు సోమశిలలు ఉన్నయని తెల్వక మా దోస్తు ఒకడు నెల్లూరు దిక్కు ఆత్మకూరుకు పోయిండు. ఆత్మకూర్లయితే ఇంకా ఎక్కువున్నయి.

అసలు ముచ్చటకొస్తే, మా రేవుల పడవ నడిపెటోళ్లకు గోడలన్నీ ఎరుకే. గోడ తగిలినా పడవను సల్లంగ బయటికి తెచ్చిండంటే ఆయనకు పని తెలుసన్నట్టు. ఊకె వాళ్లనే తప్పు పట్టకుండ్రి.

తుంగ_ఒడ్డు
తప్పు పట్టడానికి రాయలేదు తమ్ముడూ. గోడ ఉందని తెలిస్తే దాని మీదికి ఎందుకు పోయినాడు అని అడుగుతున్నా.

గేజీ_రీడర్
నీటిపారుదల శాఖలో చాలాకాలం పనిచేశాను కాబట్టి అంకెల సంగతి నేను చెబుతాను, పడవ సంగతి తెలిసినవారు చెప్పండి.

పేపర్లో వచ్చే 847 సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. మీ పడవ కింద ఎంత నీళ్లున్నాయో అది చెప్పదు. పైగా పేపర్లో పడేది ముందురోజు లెక్క. ఒక్కరోజులో ఏం మారుతుంది అంటారా? ఈ అంకెలు చూడండి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, నిల్వ 215.8 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). 854 దగ్గర నిల్వ 89 టీఎంసీలు. 834 దగ్గర 54లోపు. అంటే పై 31 అడుగుల్లో అడుగుకు సగటున నాలుగు టీఎంసీలు ఉంటే, కింది 20 అడుగుల్లో అడుగుకు రెండు కూడా లేవు. కిందికి దిగేకొద్దీ జలాశయం ఇరుకైపోతుంది. అందుకే అదే నీళ్లకు మట్టం వేగంగా మారుతుంది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. నిండుగా ఉన్నప్పుడు అది రెండడుగుల లోపే పెంచుతుంది. అదే వరద 840 దగ్గర వస్తే ఐదడుగుల దాకా పెంచుతుంది. తగ్గడం కూడా అంతే. కుడి, ఎడమ విద్యుత్కేంద్రాలు రెండూ పూర్తిగా నడిస్తే 60 వేల క్యూసెక్కులకు పైనే కిందికి పోతాయి. పైనుంచి రాక లేకపోతే రోజుకు ఐదు టీఎంసీలు ఖాళీ. 850 దగ్గర అది దాదాపు మూడడుగులు. శనివారం గోడ మీద నాలుగడుగుల నీళ్లున్నాయి అనుకుంటే ఆదివారానికి ఒక్క అడుగు మిగలొచ్చు. నడిపేవారికి గోడ ఎక్కడుందో తెలిసే ఉంటుంది, ఆ పూట దాని మీద ఎంత నీళ్లున్నాయో తెలిసి ఉండదు.

కొల్లాపూర్_పోరడు
సార్, ఇట్ల ఎవ్వరు చెప్పలే మాకు. పేపర్ల అంకె చూస్తం, పడేస్తం.

మర_బోటు
గేజీ సార్ చెప్పింది నిజవేనండి. మా తాతలు విశాఖ సముద్రం మీంచి ఇక్కడికి వలసొచ్చి వేట మొదలెట్టారు. డ్యాం నిండిన కొత్తల్నుంచీ మావాళ్లు ఈ నీళ్ల మీదే ఉన్నారు. మా లెక్క మాకుందండి.

నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎటు పోయినా అడుగు తగలదు. గాలి ఒక్కటే చూసుకోవాలి. నీళ్లు బాగా దిగిపోయాక గోడలు, మొద్దులు, బండలు అన్నీ బయటికొచ్చేస్తాయి, కళ్లకి కనిపిస్తాయి, తప్పించుకుపోతాం. భయపడాల్సింది ఈ రెంటికీ మధ్యన. గోడ నీళ్లకింద జానెడు లోతులో ఉంటాది, పైన అద్దంలా నీళ్లు. కనిపించదు. తుంగ అన్న పోయిన 847 సరిగ్గా ఆ మధ్యలోదే. ఇప్పుడు మేవైతే పాత ఏటి కాలవ వదిలి పక్కకి పోం. అడ్డదారిలో అరగంట కలిసొస్తాదని పొలాలమీంచి కొడితే ఎవరికైనా తగులుతాది.

సీమ_మాస్టారు
"పాత ఏటి కాలవ" అంటే డ్యాం కట్టకముందు కృష్ణ పారిన దారే కదా? దాన్ని నీళ్ల మీద ఎట్లా గుర్తుపడతారు?

మర_బోటు
ఒడ్డున గుర్తులు పెట్టుకుంటాం మాస్టారూ. ఒక కొండ కొస, దాని వెనకాల ఇంకో కొండ మీద ఒంటి చెట్టు. రెండూ ఒకే వరసలో కనిపిస్తే కాలవ మీదున్నట్టు. చెట్టు ఎడం పక్కకి జరిగితే కాలవ వదిలి మెరక మీదికి వెళ్లిపోయినట్టు. సముద్రం మీద మా తాతలు ఇలాగే చేసేవారు, ఇక్కడా అదే. రాత్రిపూట, పొగమంచులో ఈ లెక్క పనిచెయ్యదు. అందుకే చీకటి పడ్డాక మనుషుల్ని ఎక్కించుకోం.

సీమ_మాస్టారు
మంచి సంగతి చెప్పినారు. ఆ గోడలు ఎక్కడివో కూడా పిల్లలకు తెలియాల. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇండ్లు పడగొట్టినారు. వంద దాకా ఊళ్లు పోయినాయి. మా అవ్వోళ్ల ఊరు అందులో ఒకటి. పైకప్పులు, దూలాలు, తలుపులు తెచ్చుకున్నారు కానీ రాతిగోడలు, బావులు, గుడి మండపాలు ఆడనే ఉండిపోయినాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే జనం పోయి ఆ నేలల్లోనే పంట వేసుకుంటారు ఇప్పటికీ. కుడవెల్లి సంగమేశ్వరాలయం (మీరు పోయే సంగమేశ్వరం కాదు, అది వేరే) మాదిరి కొన్ని గుళ్లను రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టినారు. మిగిలినవి నీళ్లల్లో ఉన్నాయి. మీ పడవకు తగిలింది ఎవరి వంటిల్లో.

పటం_పిచ్చి
ఉపగ్రహ చిత్రాలు వాడొచ్చు కదా. యూరప్ వాళ్ల సెంటినెల్-2 బొమ్మలు ఉచితం. ఐదు రోజులకొకసారి అదే చోటు తీస్తుంది. బొమ్మలో ఒక చుక్క నేల మీద 10 మీటర్లు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వరసగా బొమ్మలు దించుకుని, ప్రతి బొమ్మకూ ఆ రోజు నీటిమట్టం రాసుకుంటే సరి. 860లో నీటి అంచు ఎక్కడుంది, 850లో ఎక్కడికొచ్చింది, 840లో ఎక్కడ, అన్నీ గీతలుగా గీసుకోవచ్చు. లోతుల పటం దానంతటదే వస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డమొస్తాయి కానీ మనకు కావాల్సింది ఎండాకాలం బొమ్మలేగా.

గేజీ_రీడర్
చాలా మంచి ఆలోచన. ఒక్క జాగ్రత్త. కట్టినప్పుడు ఈ జలాశయం నిల్వ 308 టీఎంసీలు. ఇప్పుడు 215.8. మధ్యలో పోయిన 92 టీఎంసీల చోటు పూడికది. కాబట్టి పాత సర్వే పటాలు పడవకు పనికిరావు. ఉపగ్రహ చిత్రాలైనా నిరుటివి, ఈ ఏటివి మాత్రమే వాడండి. పెద్ద వరద వచ్చిన ఏడాది తర్వాత మళ్లీ మొదటినుంచి గీసుకోవాలి.

మర_బోటు
పది మీటర్ల చుక్కలో గోడ కనపడదు కదండి. మూరెడు వెడల్పు ఉంటాది గోడ. పడవ ఇంజను పంకా విరగడానికి అది చాలు.

పటం_పిచ్చి
గోడ కనిపించదు, ఒప్పుకుంటా. కానీ ఊరు ఉన్న దిబ్బ కనిపిస్తుంది. ఆ దిబ్బ మొత్తాన్ని "వెళ్లకూడదు" అని గీసేస్తే గోడ ఎక్కడుందో తెలియాల్సిన పనే లేదు.

మర_బోటు
ఆ మాట బాగుంది.

గోదారి_గట్టు
మీరంతా లోతు గురించి మాట్లాడుతున్నారు గానండి, మా వైపు మనుషులు పోయింది లోతు చాలక కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు గోదావరి ఐదు లక్షల క్యూసెక్కుల పైన పారుతోంది. అంత వరదలో బోటు వదలడం ఒకటి, జాకెట్లు తీసేసి కూర్చోవడం ఇంకోటి. బోటును పైకి తియ్యడానికే నెల దాటింది. గోడ తగిలితే పంకా పోద్దండి, ఎక్కువమందిని ఎక్కిస్తే ప్రాణాలు పోతాయి. ముందు దాని గురించి మాట్లాడండి.

కొల్లాపూర్_పోరడు
గోదారి అన్నా, అది పారే ఏరు, ఇది నిల్వ నీళ్లు. రెండు ఒకటే ఎట్లైతయి?

నది_దాటిన_పిల్ల
నిల్వ నీళ్లలో మునగరని ఎవరు చెప్పినారు నీకు? 2007 జనవరిలో నెహ్రూనగర్ నుంచి మంచాలకట్టకు పోయే పడవ మునిగి 61 మంది పోయినారు. ఈ వెనుక జలాల్లోనే. అప్పుడు నేను బడిలో ఉన్నా. మా మండలమంతా ఏడ్చింది. బంధువు కాకపోయినా ప్రతి ఊర్లో తెలిసినవాళ్లు ఒకరు ఉన్నారు అందులో.

ఈ నీళ్లు దాటేది టూరిస్టులు ఒక్కరే కాదు. ఆ గట్టున చేను ఉంటాది, ఈ గట్టున ఇల్లుంటాది. అవతల చుట్టాలుంటారు, సంతకు పోవాల, పెండ్లికి పోవాల. రోడ్డు మీద చుట్టి పోవాలంటే పూట పడతాది. సోమశిల-సిద్దేశ్వరం వంతెన మంజూరైందని 2022 నుంచి వింటున్నాం. అది వచ్చేదాకా పడవే గతి. కాబట్టి "ఎక్కొద్దు" అని చెప్పే సలహాలు మాకు పనికిరావు. ఎట్లా ఎక్కాల్నో చెప్పండి.

కొల్లాపూర్_పోరడు
అక్కా, ఆ సంగతి నాకు తెల్వక కాదు. మా ఇంట్ల కూడా చెప్పుకుంటరు. మాట తొందరపడ్డది.

గోదారి_గట్టు
అక్క అడిగిందే అసలు ప్రశ్న. నాకు తెలిసింది చెబుతానండి. ఎక్కేముందు పడవ పక్కన చూడండి. నీటి అంచుకీ పడవ పైఅంచుకీ మధ్య జానకంటే తక్కువుంటే ఎక్కకండి, వెనక పడవకి ఆగండి. ఎక్కాక నిలబడకండి. అందరూ ఒక పక్కకి వచ్చి ఫొటోలు తియ్యకండి. పిల్లలకి జాకెట్టు తొడిగి, కాళ్ల సందున పోయే పట్టీ కూడా కట్టండి. అది కట్టకపోతే నీళ్లలో జాకెట్టు పైకి తేలిపోద్ది, పిల్లాడు కిందికి జారిపోతాడు. మోటార్ సైకిళ్లు, గొర్రెలు ఎక్కించిన పడవలో మనుషులు ఎక్కొద్దు. చివరిది కష్టమని నాకు తెలుసు.

నది_దాటిన_పిల్ల
కష్టమే. కానీ పట్టీ సంగతి నాకు తెలీదు. ఇంట్లో అందరికీ చెప్తా.

ఫీనిక్స్_తెలుగు
నేను ఉండేది అరిజోనాలో. ఇక్కడ లేక్ పావెల్ అని కొలరాడో నది మీద జలాశయం ఉంది. గ్లెన్ కెన్యన్ డ్యాం వెనకాల. అది కూడా మీ శ్రీశైలంలాగే పైకీ కిందికీ పోతుంది. నిండు మట్టం 3,700 అడుగులైతే 2023 మొదట్లో 3,520 దాకా పడిపోయింది. 180 అడుగులు! పడవలు దించే ర్యాంపులు చాలావరకు ఎండిపోయాయి.

ఇక్కడ నాకు నచ్చింది ఒక్కటే. నేషనల్ పార్క్ వాళ్లు ఒక్కో ర్యాంపు ఎంత మట్టం వరకు పనిచేస్తుందో పట్టిక వేసి పెడతారు. ఈరోజు మట్టం చూస్తాం, పట్టిక చూస్తాం, అయిపోయింది. క్యాజిల్ రాక్ కట్ అని ఒక అడ్డకాలవ ఉంది. నీళ్లుంటే దాంట్లోంచి పోతే చాలా దూరం కలిసొస్తుంది. మట్టం తగ్గితే అది మూతపడుతుంది, పెద్ద మలుపు తిరిగిపోవాలి. అది తెరిచి ఉందా లేదా అన్నది కూడా అదే పట్టికలో ఉంటుంది. మన దగ్గర మట్టం రోజూ ప్రకటిస్తున్నారంటే సగం పని అయినట్టే. రెండో సగం రేవుకో బోర్డు.

తుంగ_ఒడ్డు
ఇదే నాకు కావాల్సింది. రేవులో బోర్డు. "ఇంత మట్టం దాకా ఈ దారి, అంతకంటే తగ్గితే ఆ దారి, ఇంకా తగ్గితే పడవ లేదు."

సాగర్_లాంచీ
దిగువన మా నాగార్జునసాగర్‌లో కొంతవరకు ఈ పద్ధతి ఉంది. నిండు మట్టం 590, కనీస మట్టం 510. నాగార్జునకొండకు పోయే లాంచీలకు పెద్ద ఇబ్బంది ఉండదు కానీ మట్టం తగ్గేకొద్దీ దిగే చోటు మారుతుంది, మెట్లు పెరుగుతాయి. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు అది ముందే అడిగి రావాలి. సాగర్ నుంచి శ్రీశైలం పోయే లాంచీ మాత్రం మట్టం బాగుంటేనే తిప్పుతారు. కొండల మధ్య ఇరుకు దారి, వంద కిలోమీటర్ల పైమాటే.

ఇంకో సంగతి. ఆ లాంచీ చేరేది లింగాలగట్టు. అది శ్రీశైలం డ్యాంకు దిగువన. పైన కరెంటు తీయడం మొదలుపెట్టినా, గేట్లు ఎత్తినా అక్కడ నీళ్లు లేచిపోతాయి, ఒరవడి మారిపోతుంది. పుట్టిలో చేపలకు పోయేవాళ్లు సైరన్ వింటే వెంటనే గట్టెక్కాలి. 'ఇంకో వల తీసి పోదాం' అనుకోకూడదు.

రామకృష్ణ_హైద్
సోమశిల నుంచి శ్రీశైలం క్రూజు కూడా ఉంది కదా, 120 కిలోమీటర్లు, ఏడు గంటలు. 2024లో మొదలుపెట్టారు. అది ఏ నెలలో పోతే బాగుంటుంది?

మర_బోటు
అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా అండి. నీళ్లు నిండుగా ఉంటాయి, గాలి తగ్గుతాది. జూన్, జూలైలో పడమటి గాలి లేస్తాది. వెడల్పైన చోట అల సముద్రంలాగే వస్తాది. పెద్ద బోటు తట్టుకుంటాది గాని నాటు పడవ తట్టుకోదు. ఎండాకాలం పోవాలంటే తెల్లారగట్ట బయల్దేరి పదింటికల్లా ఒడ్డుకు చేరిపోవాలి. మధ్యాన్నం మీద గాలి ఎప్పుడు లేస్తాదో చెప్పలేం.

నెల్లూరు_చేపలపులుసు
మర_బోటు అన్నా, అసలు విషయం. ఎండాకాలంలో చేప ఎక్కువ పడుద్దా?

మర_బోటు
నీళ్లు కుంచించుకుపోతే చేప ఒక చోట చేరుతాది, వలలూ ఎక్కువ వేస్తాం. పడవ నడిపేవాళ్లకి అదో బాధ. తెల్లటి థర్మాకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు వరసగా తేలుతుంటే వాటి మధ్య నుంచి పోకండి. వల పంకాకి చుట్టుకుంటాది. మాకు వల పోతాది, మీకు నడిమధ్యలో ఇంజను పోతాది. చుట్టుకుంటే మాత్రం ఇంజను ఆపేసి, పంకా పైకెత్తి, అప్పుడు కొయ్యండి. తిరుగుతుండగా చెయ్యి పెట్టకండి.

సీమ_మాస్టారు
సంగమేశ్వరం సంగతి ఎవరూ సరిగా చెప్పలేదు. మట్టం 840 దరిదాపులకు వస్తే గుడి బయటపడతాది. వేపదారు శివలింగం. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటంటారు. గుడి పూర్తిగా తేలినాక కర్నూలు గట్టు దిక్కు నుంచి నేల మీదనే దగ్గరికి పోవచ్చు. పెద్దవాళ్లు ఉంటే పడవ ఎందుకు?

తుంగ_ఒడ్డు
అమ్మకు రెండు గట్లూ చూపిద్దామని. సోమశిలలో లలితా సోమేశ్వరస్వామి దర్శనం చేసుకుని పడవలో దాటితే బాగుంటాదని అనుకున్నాం.

మర_బోటు
అన్నా, గుడి తేలిన కొత్తల్లో ఒడ్డంతా బురదండి. పైన పొర ఎండి పగుళ్లిస్తాది, కాలు పెడితే మోకాలు దాకా దిగిపోతాది. మోకాళ్ల నొప్పులున్న నాయన్ని ఆ బురదలో దించొద్దు. ఓ పది పదిహేను రోజులు ఎండనివ్వండి.

గేజీ_రీడర్
తేలిన తర్వాత చూసుకోవాల్సింది ఇంకొకటి. జూన్ చివర, జూలైలో వెళ్లేవారు ఎగువన కృష్ణ మీదున్న జూరాల గేట్ల వార్త చూసి వెళ్లండి. జూరాల నుంచి, తుంగభద్ర మీదున్న సుంకేశుల నుంచి నీళ్లు వదిలారంటే శ్రీశైలంలో మట్టం పెరుగుతుంది. పైన చెప్పిన లెక్కే, 840 దగ్గర లక్ష క్యూసెక్కులకు రోజుకు ఐదడుగులు. నిన్న కారు నిలిపిన చోట ఈ రోజు నీళ్లుంటాయి. పెరిగే నీళ్లలో దుంగలు, చెత్త కొట్టుకొస్తాయి. నిన్న కనిపించిన బండలు మునిగి కనిపించకుండా పోతాయి. తగ్గే నీళ్ల కంటే పెరిగే నీళ్లలోనే పడవకు ఎక్కువ జాగ్రత్త కావాలి.

పటం_పిచ్చి
డ్యాం దగ్గర మట్టం, సోమశిల దగ్గర మట్టం ఒకటేనా సార్?

గేజీ_రీడర్
నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఒకటే అనుకోవచ్చు. పెద్ద వరదలో పైన ఎక్కువ ఉంటుంది, నీళ్లు వాలుగా పారతాయి కదా. 2009 అక్టోబరులో డ్యాం దగ్గరే 896 అడుగులకు చేరింది, 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. కర్నూలు ఊరు ఏమైందో అందరికీ తెలుసు. ఎండాకాలం ప్రయాణాలకు డ్యాం రీడింగు చాలు.

పటం_పిచ్చి
అయితే నేను మొదలుపెడతా. సోమశిల రేవు, సిద్దేశ్వరం, సంగమేశ్వరం మధ్య ముక్కకు ఈ ఎండాకాలం బొమ్మలు దించి 860, 855, 850, 845, 840 గీతలు గీస్తా. మర_బోటు అన్న దాని మీద గోడలు, మొద్దులు, బండలు గుర్తులు పెడితే రేవులో బోర్డుకి బొమ్మ తయారు.

మర_బోటు
అక్కడ చిక్కుందండి. మా పెద్దోళ్లు గుర్తులు బయటికి చెప్పరు. మొద్దులున్న చోటే చేప ఉంటాది. చోటు చెబితే వల దొంగలు వచ్చి పడతారు. ఏళ్ల తరబడి నేర్చుకున్నది పటంలో పెట్టి ఊరందరికీ పంచమంటే ఎవరొప్పుకుంటారు?

గోదారి_గట్టు
వాళ్ల బతుకు అదేనండి, అడగడం న్యాయం కాదు.

నది_దాటిన_పిల్ల
వేటచోట్లు మాకెందుకన్నా? పడవ దాటే దారి ఒక్కటి చాలు. ఆ దారికి అటు ఇటు ఉన్న గోడలు చెప్పండి. మీ పిల్లలు కూడా ఆ పడవలోనే బడికి పోతారు కదా.

మర_బోటు
పోతారక్కా. పెద్దాయనతో మాట్లాడి చెప్తాను.

కొల్లాపూర్_పోరడు
జాకెట్ల సంగతి నేను చూస్త. మా రేవుల ఇద్దరు ముగ్గురు నాకు చుట్టాలే. మూటగట్టి పెట్టుడు బంద్ చేయించి ఎక్కేటప్పుడే తొడిగించాలె. ఉక్కపోస్తదని తీసేసెటోళ్లు ప్రయాణికులే, అది కూడ మతికుంచుకోండ్రి. పడవాయన చెప్తే తిడుతరు. మనమే ముందుగాల తొడుక్కుంటే పక్కోడు తొడుక్కుంటడు.

రామకృష్ణ_హైద్
ప్రభుత్వం చెయ్యాల్సిన పని మీరెందుకు నెత్తినేసుకుంటారు? 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. మరబోట్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ తప్పనిసరి. కలెక్టర్‌కు అర్జీ పెట్టండి.

నది_దాటిన_పిల్ల
అర్జీ కూడా పెడదాం. పటం ఉంటే అర్జీకి బలం. ఉత్త చేతులతో పోతే "చూస్తాం" అంటారు.

తుంగ_ఒడ్డు
మాస్టారూ, మర_బోటు అన్నా, మీ మాట ప్రకారం అమ్మానాయనను ఈసారి రోడ్డు మీదనే తీసుకుపోతా, గుడి తేలి ఒడ్డు ఎండినాక. సోమశిల వేరేగా, నీళ్లు నిండినాక కార్తీకంలో. అర్జీ రాయడానికి నేనున్నా, కలెక్టరాఫీసు మాకు దగ్గరే.

మర_బోటు
పెద్దాయన ఒప్పుకున్నాడండి. వేటచోట్లు చెప్పనన్నాడు. రేవు నుంచి రేవుకి దారి మాత్రం తనే వచ్చి చూపిస్తానన్నాడు. ఈ శనివారం రెండు పడవల్లో వెళ్లి కాలవ అంచున వెదురు గడలు పాతి ఎర్రగుడ్డ కడతాం. మొత్తం దారికి కాదు, ముందు ఆ పాత ఊరి దిబ్బ చుట్టూ. గడ దింపి ఎక్కడ ఎంత లోతో రాసుకుంటాం. పటం_పిచ్చి తమ్ముడు వస్తే పడవలో చోటుంది. గేజీ సార్, ఆ పొద్దుటి మట్టం ఎన్నింటికి తెలుస్తాది? లోతులు దాంతో కలిపి రాయకపోతే తర్వాత పనికిరావు కదా.

గేజీ_రీడర్
సరిగ్గా అడిగారు. ఉదయం 6 గంటల రీడింగు తీసుకుందాం. ఏడింటికల్లా ఇక్కడ పెడతాను. సాయంత్రం మీరు ఒడ్డుకు చేరాక ఇంకోసారి పెడతాను, ఆ రోజు కరెంటు తీసి ఉంటే తేడా తెలుస్తుంది. ప్రతి లోతు పక్కన గంట కూడా వేయండి.

పటం_పిచ్చి
శుక్రవారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. కొల్లాపూర్‌లో దిగాక రేవుకి ఆటో ఎన్నింటి నుంచి దొరుకుతుంది?

కొల్లాపూర్_పోరడు
ఆటో ఎందుకన్నా, నేనొస్త. బస్టాండ్ల ఉండు.